మూడో అంతస్తు కోసం ఉపవాసం

ఫోటోలు చేతులు మారుతున్నాయి. అందుకునే ముందు ప్రతి మనిషీ కొంగుకు చెయ్యి తుడుచుకుంటున్నది. అంత మర్యాద మరియమ్మ పెళ్ళి ఫోటోలకు కూడా ఎన్నడూ దక్కలేదు.

నాచారంలో మరియమ్మ, జ్ఞానయ్య అద్దెకుంటున్న రెండు గదుల పోర్షన్ అది. మంగళవారం సాయంత్రం చర్చి ఆడవాళ్ళు పదిమంది దాకా వచ్చి చాప మీద, మంచం మీద, చోటు చాలక గడప మీద సర్దుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో విక్టోరియా. మరియమ్మకు తోడబుట్టిన చెల్లెలు, వియన్నాలో నర్సు. నాలుగేళ్ళకు సెలవు దొరికి, చలికాలంలో వచ్చింది. వచ్చి ఇంకా వారం కాలేదు. ఆ ఫోటోల్లో ఉన్నది ఆమె అక్కడ కొనబోతున్న ఇల్లు.

"గజాలెన్ని?" అన్నాడు జ్ఞానయ్య. ఆయన మరియమ్మ భర్త, దారం మిల్లులో పనిచేస్తాడు. ఫోటోను బల్బుకు దగ్గరగా పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి చూస్తున్నాడు.

"గజాలుండవు బావా. అది ఫ్లాటు. మూడో అంతస్తుల రెండు గదులు, వంటిల్లు," అన్నది విక్టోరియా.

"మరి కింద జాగ?"

"అందరిది."

"అందరిదంటే ఎవ్వరిది కాదన్నట్టే గద. రేపు బిల్డింగు కూలిపోతె నీకేం మిగుల్తది? గాలి మిగుల్తది."

అందరూ నవ్వారు. జ్ఞానయ్య నవ్వలేదు. ఆయన నిజంగానే బెంగపడ్డాడు.

లోపల చాయ్ వడపోస్తున్న మరియమ్మకు మొగుడి ప్రశ్న భలే నచ్చింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అడిగిన మంచి ప్రశ్నల్లో అదొకటి. నేల లేని ఇల్లు కూడా ఒక ఇల్లేనా అనుకుని కాస్త కుదుటపడింది. అంతలోనే పాస్టరమ్మ సుశీలమ్మ గొంతు వినిపించింది.

"అబ్బ, ఈ బండలు సూడున్రి, అద్దం లెక్క మెరుస్తున్నయి."

"బండలు కాదమ్మా, చెక్క."

"చెక్క మీదనే నడుస్తరా?"

"ఆఁ. కాళ్ళకు సల్లగ తగలదు."

దాచడం దేనికి, మరియమ్మకు కడుపు మండిపోయింది. చెక్క ఆమె ఇంట్లో కూడా ఉంది, రోకలికీ కత్తిపీటకీ. చాయ్ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని బయటికి వచ్చి, ఒక్కొక్కరికీ అందిస్తూ, చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఏమాయె మరి? ఇల్లు నీ చేతికొచ్చినట్టేనా?" అని అడిగింది. గొంతులో తీపి కొంచెం ఎక్కువే పడింది.

విక్టోరియా అక్క మొహంలోకి చూసింది. గ్లాసు అందుకోవడం మరిచిపోయి అలాగే చూస్తుండిపోయింది.

"ఇంక తెల్వదక్కా," అన్నది చివరికి. "పరాయి దేశమోళ్ళు కొనాలంటె ఆ బిల్డింగుల ఉన్నోళ్ళు సరే అనాలె. శుక్రవారం ఫోన్ జేసి చెప్తమన్నరు. కింద ఓనరమ్మ నంబరిచ్చిన."

"శుక్రవారమే?" సుశీలమ్మ ఫోటోను ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. "అయితె ఊకె కూసుంటె ఎట్ల? రేపటి సంది ఉపవాస ప్రార్థన పెడదాం. శుక్రవారం సాయంత్రం ముగిద్దాం. ఈడనే, మరియమ్మ ఇంట్లనే. ముగింపు ప్రార్థన మరియమ్మనే చెయ్యాలె, ఆమె చేస్తెనే అయితది."

అది ఆ స్త్రీల సమాజంలో అందరూ ఒప్పుకున్న సంగతి. వాళ్ళలోని సారమ్మ కొడుక్కు ఆర్టీసీలో నౌకరీ వచ్చింది మరియమ్మ ముగింపు ప్రార్థన చేశాకనే. ఎవరి బిడ్డకు జ్వరం తగ్గాలన్నా, ఎవరి మొగుడు తాగుడు మానాలన్నా చివరి ప్రార్థన ఆమెది కావాలి. మరియమ్మకు సొంతమని చెప్పుకోడానికి ఉన్నది ఆ పేరొక్కటే.

"వద్దమ్మా," అన్నది విక్టోరియా గాభరాగా. "అందరు పనులకు పొయ్యెటోళ్ళు. నా ఇంటికోసం మీరు పస్తులుండుడేంది?"

అంతా మరియమ్మ వైపు చూశారు. ఇల్లు ఆమెది, ప్రార్థన ఆమెది, చెల్లెలు ఆమెది. ఏమంటుంది పాపం?

"చేద్దాం," అన్నది మరియమ్మ. "నా చెల్లెకు గాక ఇంకెవ్వలకు చేస్తం?"

*

మరియమ్మ పనిచేసేది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్‌లో. మిషన్ నుంచి బిళ్ళల స్ట్రిప్పులు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. బెల్టుకు రెండు పక్కలా ఆడవాళ్ళు. గాజులు గేటు దగ్గరే తీసేసి, జుట్టు కనపడకుండా టోపీలు పెట్టుకుని, కళ్ళు బెల్టు మీదనే ఉంచాలి. బిళ్ళ లేని గుంట, విరిగిన బిళ్ళ, నలిగిన అంచు కనపడితే ఆ స్ట్రిప్పును పక్క డబ్బాలో పడెయ్యాలి. మంచివాటిని పది పది పేర్చి, మడిచిన కాయితం ఒకటి పెట్టి, అట్టపెట్టెలోకి తొయ్యాలి. మరియమ్మ వేళ్ళు ఆ పని వాటంతట అవే చేసుకుపోతాయి. అదే వచ్చిన చిక్కు. వేళ్ళు పనిలో ఉంటే మనసుకు ఏ పనీ ఉండదు.

బుధవారం ఆమె వెళ్ళేసరికే వార్త ముందు వెళ్ళి కూర్చుంది. జ్ఞానయ్య రాత్రే వీధిలో సగం మందికి చెప్పాడు.

"ఏమ్మా మరియమ్మా, మీ చెల్లెలు ఫారిన్‌లో ఇల్లు కొంటోందటగా?" అన్నాడు సూపర్‌వైజర్ సుబ్రహ్మణ్యం, బెల్టు వెంట నడుస్తూ ఆమె దగ్గర ఆగి. "ఇంక నీకీ స్ట్రిప్పులెందుకు?"

మరియమ్మ పళ్ళు కనపడేలా నవ్వింది. పన్నెండేళ్ళుగా ఆయన ఆమెను పిలిచింది "ఇదిగో, రెండో లైనామె" అనే. ఇవాళ మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు కూడా చెల్లెలు ఇప్పించిందే.

ఎదురుగా నిలబడే సాలమ్మ, ఆయన దాటిపోయాక గొంతు తగ్గించి అడిగింది. "నిజంగనే ఆడ ఎవ్వలు ఏమిట్లని అడుగరా? మీ చెల్లె చెప్పిందని మొన్న నువ్వే అంటివి."

"అడుగరంట," అన్నది మరియమ్మ, ఒక విరిగిన బిళ్ళను పక్కకు విసురుతూ.

ఆ మాట విక్టోరియా ఎప్పుడూ అంటుంది. ఆడ మనమెవరో ఎవ్వరడుగరక్కా, పనిచేస్తె చాలు. మరియమ్మ, జ్ఞానయ్య ఈ పోర్షన్ దొరికేముందు నాచారం వీధులన్నీ తిరిగారు. ప్రతి గేటు దగ్గరా కులం ఆరా తీసే అదే ప్రశ్న, మీరేమిట్లు? క్రిస్టియన్లమండీ అని చెబితే గేటు పట్టుకున్న మనిషి కాసేపు ఆలోచించేది. తర్వాత నెమ్మదిగా, "అంతకుముందు?" అని అడిగేది. చర్చిలో పెళ్ళి చేసుకున్న మనిషికి, చర్చిలో బాప్తిస్మం తీసుకున్న తల్లికి పుట్టిన మనిషికి, అంతకుముందు ఏముంటుంది? ఉంటుందని వాళ్ళకు తెలుసు. ఆమెకూ తెలుసు. చెప్పగానే గది ఖాళీ లేదనేవాళ్ళు.

చెక్క నేల, ఫోటోల్లో కిటికీలోంచి కనపడ్డ ట్రాము బండి ఒక ఎత్తు. అంతకుముందు అని అడగని గేటు ఒక ఎత్తు. మరియమ్మ కన్నంతా ఆ గేటు మీదనే ఉంది. తనకంటే ఆరేళ్ళు చిన్నది, తను ఎత్తుకు తిప్పిన పిల్ల, తలెత్తుకుని ఆ గేటులోంచి నడుచుకుంటూ పోతుంది. తను మాత్రం ఇక్కడ ఆదివారం మాంసం కూర వాసన కింద ఓనరమ్మకు తగలకుండా కిటికీ మూసుకుని వండుకోవాలి. ఇది ఏ న్యాయం?

పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదేమో, ఆకలికి ఆ కుళ్ళు తోడై సాయంత్రానికి తల పగిలిపోసాగింది.

ఇంటికి వస్తే ఇల్లు ఊడ్చి ఉంది. మంచం మీద దుప్పటి మూలలు మడిచి, పరుపు కిందికి గట్టిగా దోపి, చిన్న ముడత లేకుండా ఉంది.

"సూడు, మీ చెల్లె ఎట్ల పరిచిందో," అన్నాడు జ్ఞానయ్య మురిసిపోతూ. "కూసుందామంటె భయమైతున్నది."

"దవాఖాన మంచం లెక్క ఉన్నది. పేషెంటొక్కటే తక్కువ," అని మరియమ్మ దుప్పటి అంచు లాగేసి, దాని మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. విక్టోరియా చూసింది. చాప పరవడానికి పోయింది.

చీకటి పడుతుండగా ఆడవాళ్ళు వచ్చారు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరి యాస వాళ్ళది. ప్రార్థనలోకి దిగేసరికి అందరికీ బైబిలు భాష వచ్చేస్తుంది.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అని సారమ్మ మొదలుపెట్టింది. "నీ బిడ్డ విక్టోరియా తీసుకొనబోవు గృహమును నీ చేతికి అప్పగించుచున్నాము. తూర్పున పడమర, ఉత్తరమున దక్షిణమున, ఆ స్థలము యొక్క నాలుగు సరిహద్దులకు నీవే కంచెగా ఉండుము. ఎవ్వరునూ ఒక్క అడుగైనను ఆక్రమింపకుండ కాపాడుము."

మూడో అంతస్తుకు సరిహద్దులేమిటని ఎవరికీ అనిపించలేదు. ఉప్పల్ వైపు స్థలం కొన్న ప్రతివాళ్ళకూ వాళ్ళు చేసే ప్రార్థనే అది. ఇంకొకామె ఆ ట్రాము పట్టా తప్పి ఇంట్లోకి రాకూడదని వేడుకున్నది. విక్టోరియా కొంగు తల మీదికి లాక్కుని, తల బాగా వంచుకుని కూర్చుంది.

చివరికి మరియమ్మ వంతు వచ్చింది. ఆమె గొంతు విప్పితే గది నిండుతుంది. సంఘం కోసం, పాస్టరుగారి మోకాళ్ళ నొప్పుల కోసం, చర్చి రేకుల కోసం, కంపెనీలో యూనియన్ గొడవ తీరడం కోసం, వానల కోసం అడిగింది. చెల్లెలి ఆరోగ్యం కోసం, చెల్లెలు ఎక్కే విమానం కోసం కూడా అడిగింది. ఇంటి మాట ఎత్తలేదు. ఆ గొంతులోని ఊపులో ఎవరూ గమనించలేదు. అందరూ ఆమెన్ అంటుంటే, మరియమ్మ లోపల్లోపల తన సొంత భాషలో ఇంకో ముక్క కలిపింది. దేవా, దానికి ఇప్పటికే మస్తిచ్చినవ్. గిదొక్కటి ఇయ్యకు.

అన్నాక ఆమెకే భయమేసింది. ఎందుకంటే ఆ రోజు మొత్తంలో మనసు పెట్టి అడిగింది అదొక్కటే.

అరటిపళ్ళు, చాయ్ తీసుకుని ఉపవాసం విడుస్తుండగా కింద ఓనరమ్మ కామాక్షిగారింట్లో ఫోన్ మోగింది. ఆడవాళ్ళు తింటున్న పళ్ళు పట్టుకుని అలాగే లేచి నిలబడ్డారు. విక్టోరియా లేవలేదు. తొక్క నెమ్మదిగా ఒలుచుకుంటూ, "మనకు కాదు లెండి," అన్నది. నిజంగానే వాళ్ళకు కాదు.

ఎంత ధీమా, అనుకుంది మరియమ్మ. ఇల్లు ఎటూ తనదేనని ఎంత ధీమా దీనికి!

గురువారం సుశీలమ్మ చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చింది. అందరూ దాని మీద చేతులు పెట్టి ప్రార్థించాక, సీసాను విక్టోరియా చేతిలో ఉంచి గుప్పిట మూసింది.

"గుమ్మానికి రెండు దిక్కుల, మీద కూడ రాయి. రాసినంకనే లోపల కాలు పెట్టు. అపవాది కాదు, వాని నీడ కూడ రాదు."

విక్టోరియా సీసా వైపు చూస్తూ "సరేనమ్మా" అన్నది. వెంటనే లేచి బయట నల్లా దగ్గరికి పోయి, చాలాసేపు నిలబడింది. మరియమ్మ కిటికీలోంచి చూసింది. మన నూనె ఆడ వాసనొస్తదని నామోషీ పడుతున్నట్టుంది అనుకున్నది. చెల్లెలు ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా, ఆ రోజుల్లో మరియమ్మకు దాన్ని గర్వం కిందనే జమ కట్టడం అలవాటైపోయింది.

*

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు, మరియమ్మ పనికి పోవడానికి చెప్పులేసుకుంటుంటే ఓనరమ్మ కామాక్షి కింది నుంచి కేకేసింది.

"మరియమ్మా! ఫోను! ఫారిన్ నుంచి! త్వరగా పంపించు మీ చెల్లెల్ని!"

విక్టోరియా స్నానాల గదిలో ఉంది. వాకిట్లో మూలకు ఉండే ఆ రేకుల గదిలోంచి చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. మరియమ్మ కేక వెయ్యలేదు. గబగబా తనే దిగింది.

కామాక్షి అప్పటికే పట్టుచీర కట్టుకుని, అంబర్‌పేటలో బంధువులింట్లో వ్రతానికి బయల్దేరుతూ తాళాలు వెతుక్కుంటోంది. రిసీవర్ బల్ల మీద పక్కకు పడుకోబెట్టి ఉంది. మరియమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చెవికి పెట్టుకుంది. గాలి హోరు. దాని వెనక ఒక ఆడమనిషి గొంతు, తొందర తొందరగా.

"హలో? విక్టోరియా? విక్టోరియా?"

ఆ పేరు ఆ గొంతులో ఎంత సొంతంగా వినపడిందంటే, చెల్లెలు అక్కడి మనిషే అన్నట్టుగా వినపడింది. మరియమ్మ చెవి కాలిపోయింది. వన్ మినిట్ అనే ముక్క ఆమెకు వచ్చు. కంపెనీలో రోజూ వినేదే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నో," అన్నది. "విక్టోరియా నో. నో విక్టోరియా."

రిసీవర్ పెట్టేసింది.

"అదేంటి, అప్పుడే అయిపోయిందా?" అన్నది కామాక్షి.

"లైన్ కట్టయిందమ్మా."

"మళ్ళీ చేస్తార్లే. నేను మాత్రం సాయంత్రం దాకా ఉండను," అంటూ ఆమె తాళం వేసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మరియమ్మ పైకి పోలేదు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఇంకా ఆగలేదు. సంచి భుజాన వేసుకుని, వీధి మలుపు దాకా నడిచిందో పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

బెల్టు మీద స్ట్రిప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. ఇల్లు పోయింది. మొదటి గంట ఆ మాట చల్లగానే ఉంది. చెల్లెలు ఉత్త చేతులతో విమానమెక్కుతుంది, జ్ఞానయ్య నోరు మూతపడుతుంది, సుబ్రహ్మణ్యం మళ్ళీ రెండో లైనామె అంటాడు. తర్వాత, చిన్నప్పుడు బడికి పోనని మొండికేసే విక్టోరియాను చంకలో వేసుకుని తీసుకుపోయిన సంగతి ఎందుకో గుర్తొచ్చింది. ఆ పిల్ల దారి పొడుగునా ఆమె మెడ వదిలేది కాదు. ఒక్క మాటతో మనిషి ఇల్లు తీసేసింది. గేటు పట్టుకుని గది ఖాళీ లేదన్న వాళ్ళకీ తనకీ తేడా ఏముంది? వాళ్ళు కనీసం పరాయివాళ్ళు.

"ఒసే, సూసుకో!" అన్నది సాలమ్మ. ఖాళీ గుంటల స్ట్రిప్పులు మరియమ్మ చేతుల కిందినుంచే పోయి మంచి పెట్టెల్లో చేరాయి. సుబ్రహ్మణ్యం పెట్టెలు విప్పించి, అందరి ముందూ నాలుగు మాటలన్నాడు. మరియమ్మకు ఒక్కటీ తగల్లేదు. అంతకంటే పెద్ద తప్పు ఇంటి దగ్గర ఉంది.

సాయంత్రం గేటు దాటాక బస్సు కోసం ఆగకుండా నడిచే వచ్చింది. జ్ఞానయ్య రెండో షిఫ్టుకు పోయాడు. విక్టోరియా చాప పరిచి, అరటిపళ్ళు కడిగి పళ్ళెంలో పెడుతోంది. మరియమ్మ చెప్పులు విడవకుండానే గడపలో నిలబడింది.

"పొద్దుగాల నీకు ఫోనొచ్చింది," అన్నది. "నువ్వు తానం జేస్తున్నవ్. నేనే ఎత్తిన. నువ్వు లేవని చెప్పి పెట్టేసిన."

విక్టోరియా చేతిలో పండుతో తలెత్తింది.

"తెల్వక గాదు. కావాలనే పెట్టేసిన. ఇంక టైమున్నది, లే, ఎస్టీడీ బూతుకు పోదాం. మా అక్క పిచ్చిదని చెప్పు, ఏమన్న చెప్పు. ఆ ఇల్లు పోనియ్యకే."

"ఎన్ని గంటలకు?"

"నేను డ్యూటీకి పొయ్యే ముందల. ఎనిమిదింటికి."

విక్టోరియా నవ్వింది. ఎగతాళిగా కాదు, బాగా అలిసిపోయిన మనిషి నవ్వినట్టు. "ఈడ ఎనిమిదంటె ఆడ తెల్లారగట్ల మూడున్నర. ఆ టైముల ఇల్లమ్మెటోళ్ళు ఫోన్ చేస్తరా అక్కా? అది ఎల్సా. నాతోని పనిజేస్తది, నైట్ డ్యూటీల ఉన్నది. ఏదో డ్యూటీ మార్చుకునే ముచ్చట అయుంటది."

మరియమ్మ గడప మీద కూలబడింది. "మరి ఇంటోళ్ళు ఇంక జెయ్యలేదా?"

"జెయ్యరు." విక్టోరియా పండును పళ్ళెంలో పెట్టింది. "ఆ ఇల్లు పోయి నెల దాటిందక్కా. నేను విమానం ఎక్కకముందే పోయింది."

ముందు ఊరట వచ్చింది. తన వల్ల పోలేదు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. పోయిందన్నమాట. చెక్క నేల లేదు, ట్రాము లేదు, గేటు లేదు. పగలంతా కుమిలిపోయిన మనిషికే, ఇప్పుడు లోపలెక్కడో చల్లటి నీళ్ళు పోసినట్టు హాయిగా అయింది. మరియమ్మ పెదాలు బిగించుకుంది గాని కళ్ళు ఆమె మాట వినలేదు.

"గిదే," అన్నది విక్టోరియా. "గీ మొహం సూడలేకనే చెప్పలే."

మరియమ్మ చేత్తో మొహం కప్పుకుంది.

"పారేయబుద్ధిగాక తెచ్చుకున్న ఫోటోలు బావ సూసి అందరి ముందట పెట్టిండు. మొన్న నువ్వు చాయ్ పట్టుకొచ్చి, ఇల్లు చేతికొచ్చిందా అని అడిగినవ్ సూడు, అప్పుడే చెప్దామనుకున్న. నీ మొహం సూసిన. పోయిందంటె నువ్వు ఎంత సంబురపడ్తవో కండ్లకు కట్టింది. శుక్రవారమని నోటికొచ్చిన అబద్ధం చెప్పిన. పాస్టరమ్మ ఉపవాసం పెడ్తదని కలగన్ననా?"

"నేను... ప్రార్థనల నీ ఇంటి మాట ఎత్తలే," అన్నది మరియమ్మ చేతుల వెనక నుంచి.

"తెల్సు. విన్న గద. వానలడిగినవ్, రేకులడిగినవ్. పాస్టరుగారి మోకాళ్ళు కూడ అడిగినవ్."

ఆ మాటకు ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళే. వీధిలో పాల బండి గంట కొట్టుకుంటూ పోయింది. మరియమ్మ చెప్పులు విడిచి, లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది.

"ఎందుకు ఇయ్యలే?"

విక్టోరియా చాప అంచున ఊడిన పుల్లను లోపలికి దోపుతూ, దాన్నే చూస్తూ చెప్పింది. "ఇల్లమ్మే ముసలామె మంచిదే. నాకే ఇస్తనన్నది. కింద ఇంటోళ్ళు, మీద ఇంటోళ్ళు కూడి వద్దన్నరంట. వంట వాసనొస్తదంట. ఇయ్యాల ఒక్కతే వస్తది, రేపు ఎనక చుట్టాలు పదిమంది దిగుతరంట. నర్సు మంచిదే, దవాఖానల ఉండనీ, పక్కింట్ల ఎందుకన్నరంట. ముసలామె నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ఏడ్చి, ఇంకొకలకు అమ్మింది."

"ఆడ మనమెవరో ఎవ్వరడుగరంటివి గద?"

"అడుగరు. అడగకుండనే వాళ్ళకు తెలుస్తది."

అడగని గేటు ఒకటి ఎక్కడో ఉందనే ఇన్నాళ్ళూ ఆమె కుళ్ళుకున్నది. అది లేదని తేలాక హాయిగా ఉండాలి కదా. ఇందాకటి హాయి ఎటు పోయిందో పోయింది. దాని బదులు కోపం వచ్చింది, పేరు తెలియని ఆ కింది ఇంటివాళ్ళ మీద, పై ఇంటివాళ్ళ మీద. వాళ్ళు వద్దన్నది తను చంకలో ఎత్తుకుని తిప్పిన పిల్లను.

"పాస్టరమ్మోళ్ళకు చెప్పకక్కా," అన్నది విక్టోరియా. "ఇల్లు రాలేదని నేనే చెప్త. అయితె ఎందుకు రాలేదని అడుగుతరు. విక్టోరియా అంటె ఆడ దొరసాని లెక్క ఉన్నదని వాళ్ళ పిల్లలకు చెప్పుకుంటరు వాళ్ళు. వాసనొస్తదన్నరని నా నోటితోని చెప్పుడు నాతోని కాదు."

మాట పూర్తికాలేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు. సుశీలమ్మ ముందు, ఆమె వెనక సారమ్మ, ఆ వెనక మిగతావాళ్ళు. ఉపవాసాలతో అందరి మొహాలూ పీక్కుపోయి ఉన్నాయి, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"ఏమాయె? ఫోనొచ్చిందా?" సుశీలమ్మ కూర్చోకముందే అడిగింది.

అందరూ విక్టోరియా వైపే చూస్తున్నారు. విక్టోరియా లేచి నిలబడింది. నోరు తెరిచింది.

"వచ్చింది," అన్నది మరియమ్మ.

"ఆఁ? ఏమన్నరు?"

"పొద్దుగాల వచ్చింది. విక్టోరియా తానానికి పోయింది. నేను ఎత్తి, విక్టోరియా లేదు గిక్టోరియా లేదని చెప్పి పెట్టేసిన. వాళ్ళు ఇంకొకలకు ఇచ్చేసిన్రు."

సుశీలమ్మ మంచి మనిషి. ఒక దారి చూపించింది. "ఇంగ్లీషు సమజ్ గాక పెట్టేసినవా బిడ్డా?"

"సమజయ్యే పెట్టేసిన. నా చెల్లెకు ఇల్లొస్తె ఓర్వలేక పెట్టేసిన. ఈ మూడొద్దులు ఆ ఇల్లు రావద్దనే మొక్కుకున్న."

"నువ్వా?" అన్నది సారమ్మ. కొడుకు ఉద్యోగం దగ్గర్నుంచి ఆమె అన్నీ ఒక్కసారి తిరగేసి చూసుకుంటున్నట్టుంది.

"అక్కా, అది గాదు..." అని విక్టోరియా ముందుకు వచ్చింది. మరియమ్మ ఆమె మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది.

"నేనే జేసిన. కామాక్షమ్మను అడుగున్రి, ఆమె ముందలనే పెట్టేసిన."

సుశీలమ్మ కొంగు తల మీదికి తీసుకుని చాప మీద కూర్చుంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. మరియమ్మ ఎప్పుడూ కూర్చునే చోటు, పాస్టరమ్మ పక్కన, ఖాళీగా ఉంది. ఎవరూ రమ్మనలేదు.

"సారమ్మా, ఇయ్యాల ముగింపు ప్రార్థన నువ్వు చెయ్యి," అన్నది సుశీలమ్మ.

మరియమ్మ గడప దగ్గర, విడిచిన చెప్పుల పక్కన కూర్చుంది. ఇంటి కోసం అడగడానికి ఇక ఇల్లు లేదు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మరియమ్మ కోసం ప్రార్థించారు. పస్తులతో నీరసించిన గొంతులకు ఎక్కడి నుంచి వచ్చిందో గాని మంచి బలం వచ్చింది. ఈ సహోదరి హృదయములోని ఓర్వలేనితనమును వేళ్ళతో సహా పెరికివేయుము తండ్రీ అని ఒకామె అడిగింది. సొంత రక్తము మీదనే కన్ను వేసిన ఈమెను క్షమించుమని ఇంకొకామె కన్నీళ్ళు పెట్టుకున్నది. సారమ్మ అందరికంటే ఎక్కువసేపు చేసింది.

విక్టోరియా లేచి, మోకరించిన ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చి, చెప్పుల దగ్గర అక్క పక్కన కూర్చుంది. ఒక్కొక్కరి ప్రార్థన ముగిసినప్పుడల్లా గదంతా ఆమెన్ అన్నది. మరియమ్మ కూడా అన్నది. విక్టోరియా ఒక్కసారి కూడా అనలేదు.